కుడిపైట

"ఆ అమ్మాయిగారు మన మెట్టు మీద జారి పడితే ఏం సమాధానం చెప్తామండీ?" అంది యేసమ్మ. ఆ అమ్మాయిగారు అప్పటికింకా భీమడోలులో రైలు కూడా ఎక్కలేదు.

జ్ఞానయ్య గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. యేసమ్మ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. మూడేళ్ల కిందట వచ్చిన సన్నిపాత జ్వరం ఆయన్ని వదిలి పోతూ పోతూ కుడిచేతికి వణుకు అంటించి పోయింది. అప్పట్నించీ గుండీలు పెట్టడం, గడ్డం గీయడం, చేపముక్కలో ముల్లు తీసి పళ్లెంలో పెట్టడం, అన్నీ ఒకటొకటే ఆవిడ పనుల్లోకి వచ్చి చేరాయి. ఫలానాది చెయ్యమని ఆయన అడిగిందీ లేదు, చేస్తున్నానని ఆవిడ అన్నదీ లేదు.

"పడదులే," అన్నాడాయన చివరి గుండీ దగ్గర. "పడ్డాక ఏడుద్దువు గాని."

"పడ్డాక ఏడ్చి ఏం లాభమండీ? బూడిద ముందే చల్లాలి."

చల్లింది కూడా. మెట్టు మీద చల్లి, నూతి పళ్లెం దగ్గర చల్లి, మళ్లీ ఆ బూడిద అమ్మాయిగారి చీరంచుకి అంటుతుందేమోనని భయం వేసి ఊడ్చేసింది. యేసమ్మ భయాలకి అంతూ దరీ ఉండదు. కూతురు విక్టోరియా బడి నుంచి రావడం పావుగంట ఆలస్యమైతే కాలవలో పడిపోయిందనుకుంటుంది. వానపడితే తమ్మిలేరు పొంగి వీధిలోకొస్తుందనుకుంటుంది. గుళ్లో ప్రార్థన మధ్యలో ఎవరైనా రెండుసార్లు దగ్గితే, మూడో దగ్గుకి ఆ మనిషి పిల్లల్ని ఎవరు పెంచుతారా అని ఆలోచిస్తుంది. "నీకు కష్టం రాకపోతే తోచదే," అనేవారు అత్తగారు బతికున్న రోజుల్లో. ఆవిడే ఇంకో మాట కూడా అనేవారు, మిషను బళ్లో అయిదో తరగతి దాకా చదివి లేసు అల్లడం నేర్చుకొచ్చిన కోడలి వేళ్లు చూసి: "ఈ పుల్లల్లాంటి వేళ్లు సంసారానికేం పనికొస్తాయి?"

ఆ వేళ్లే ఇప్పుడు సంసారాన్ని నడుపుతున్నాయి. ఆ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికే తెలుసు.

జ్ఞానయ్య పవరుపేటలో సత్తిరాజుగారి ప్రెస్సులో బొమ్మలు చెక్కే మనిషి. పెళ్లి శుభలేఖల మీద గణపతి, పంచాంగం మీద సూర్యుడు, నాటకాల కరపత్రాల మీద కిరీటం పెట్టుకున్న రాజు, అన్నీ జామచెక్క దిమ్మ మీద ఉలితో తీసి ఇస్తే, వాళ్లు దానికి సిరా పూసి అచ్చు వేస్తారు. వణుకు వచ్చిన మొదటి నెల ఆయన మూడు దిమ్మలు పాడుచేసి, నాలుగోది ఇంటికి తెచ్చి మంచం మీద పడేసి అటు తిరిగి పడుకున్నాడు. యేసమ్మ కూర తరిగి, చెయ్యి కడుక్కుని, ఆ దిమ్మ తీసుకుని సన్న ఉలితో మిగతాది చెక్కేసింది. లేసులో కన్నాలు లెక్క తప్పకుండా అల్లిన చేతికి అదేం పెద్ద కష్టం అనిపించలేదు. మర్నాడు ఆయన దాన్ని ప్రెస్సుకి పట్టుకెళ్లాడు. "చెయ్యి కుదిరిందయ్యా నీకు," అన్నారట సత్తిరాజుగారు. ఆ రోజు నుంచీ "ప్రెస్సులో వెలుతురు చాలట్లేదండి" అని చెప్పి దిమ్మలు ఇంటికే తెస్తున్నాడు.

పెద్ద బొమ్మలకి ఆయన చేసే పని ఒకటుంది. మాతృక, అంటే అసలు బొమ్మ, గీసి ఉన్న పల్చటి కాగితాన్ని బోర్లించి, దిమ్మ మీద పెట్టి గోటితో రుద్దడం. దానికి చెయ్యి నిలకడగా లేకపోయినా గడిచిపోతుంది. ఆ మచ్చ మీద చెక్కడం ఆవిడ వంతు. చివర్న కింద మూల ఒక్క అక్షరం, "జ్ఞా" అని. ఎదురు తిప్పి చెక్కితేనే అచ్చులో సరిగ్గా పడుతుంది. అది ఆవిడకి ఇప్పుడు కళ్లు మూసుకున్నా వచ్చు.

"నీకేంటి, నీడపట్టున కూచుని చేసే పనేగా," అంటాడు ఒక్కోసారి. ఇంకోసారి, మెత్తగా, ఆవిడ మొహంలోకి చూడకుండా, "ఆడదాని చేతిలో ఉలి ఉందని తెలిస్తే ప్రెస్సులో నా మొహం ఎక్కడ పెట్టుకోనే," అంటాడు. రెండో మాట దగ్గరే యేసమ్మ గుండె జారిపోతుంది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే విక్టోరియా బడి మానేస్తుంది. బడి మానేస్తే... అక్కడి నుంచి ఆవిడ ఆలోచన గబగబా మెట్లు దిగి, అడుగున ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది: పదిహేనేళ్ల పిల్ల ఎవరింట్లోనో అంట్లు తోముతూ.

ఇప్పుడొచ్చిన పని అలాంటిలాంటిది కాదు. భీమడోలు రైతుబిడ్డ శేషారత్నం వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఈ ప్రాంతం ఆడపిల్లల్లో అంత చదువు చదివింది ఆవిడే. వచ్చే ఆదివారం ఏలూరులో సన్మానసభ. సభలో పంచే చిన్న పుస్తకం అట్ట మీద ఆవిడ బొమ్మ వెయ్యాలి. ఫొటో ఉంటే గొడవే లేకపోను. కాని వాళ్ల నాయనమ్మ మంగాయమ్మగారు ఫొటో అంటే ఒప్పుకోరు. కొడుకు ఫొటో దిగిన ఏడాదే పోయాడట. "చెక్క మీద గీతలైతే గీసుకోండి, దాంట్లోకి ఊపిరి పోదు" అన్నారట. పరాయి మగాడు తమ ఇంట్లో కూచుని గీయడానికి వీల్లేదట. ప్రెస్సులో అంతా మగాళ్లే. చివరికి, ఇంట్లో ఆడదిక్కు ఉంది కాబట్టి జ్ఞానయ్య ఇంట్లోనే కూచోబెట్టి గీయించాలని సత్తిరాజుగారు తేల్చారు.

"ఎదురుగా చూస్తూ గీయాలంటే," అన్నాడు జ్ఞానయ్య ఆ కబురు తెచ్చిన రోజు, మంచం పట్టె మీద కూచుని, కండువా కింద చెయ్యి దాచుకుని. ఆ మాట అక్కడే ఆపేశాడు.

"మీరు కూచోండి," అంది యేసమ్మ. "చూసేది నేను చూస్తాను."

శేషారత్నం జారి పడలేదు. మెట్టు మీద చెప్పులు విడిచి, వంగి, లోపలికొచ్చింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. ఎడం చెంప మీద పుట్టుమచ్చ. ఎడం భుజం మీద పైట గట్టిగా లాగి దోపుకుంది. చంకలో నోటుపుస్తకం. యేసమ్మకి వెంటనే కొత్త భయం పట్టుకుంది: మంచినీళ్లు ఇవ్వాలా వద్దా? ఇస్తే తాగుతుందా? తాగితే వాళ్ల నాయనమ్మకి తెలుస్తుందా? తాగకపోతే విక్టోరియా ముందు ఎంత చిన్నతనం? ఆ తర్జనభర్జనలో ఉండగానే అమ్మాయిగారు "కొంచెం దాహం ఇప్పించండి" అని అడిగి, గ్లాసు ఖాళీ చేసి, కింద పెట్టింది.

అమ్మాయిగారిని ఎత్తుపీట మీద కూచోబెట్టారు. జ్ఞానయ్య ఎదురుగా కుర్చీలో కూచుని మోకాళ్ల మీద బల్ల నిలబెట్టుకుని, దాని చాటున కాగితం మీద పెన్సిలు కదుపుతున్నాడు. యేసమ్మ వంటింటి గుమ్మంలో నేల మీద చతికిలపడింది. ఒళ్లో లేసుబుట్ట, బుట్టలో అల్లిక కింద, సున్నం పూత పూసిన దిమ్మ. చెయ్యి అల్లిక కిందే ఉంది, పెన్సిలు కూడా అక్కడే. కాగితం పెడితే గరగరమంటుందని, తిన్నగా దిమ్మ మీదే గీయడం మొదలుపెట్టింది. కన్ను అమ్మాయిగారి మీద, చెవి వీధి గుమ్మం మీద.

"మధ్యలో చూపించనండి, దిష్టి తగులుద్ది," అన్నాడు జ్ఞానయ్య, అమ్మాయిగారు బల్ల వంక తొంగి చూడబోతే. ఆయన కాగితం మీద ఏముందో యేసమ్మ తర్వాత చూసింది. కోడి గీరినట్టు గీతలు, వాటి మీద ఇంకా గీతలు. దాన్ని మడిచి పొయ్యిలో పెట్టింది.

రెండో రోజు విక్టోరియా గుమ్మం పట్టుకుని వేళ్లాడుతూ ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి ఊగుతుంటే, యేసమ్మ అలవాటుగా, "తాటిదోనెలో నించున్నట్టు ఆ ఊగడమేంటే," అంది.

శేషారత్నం చటుక్కున తల తిప్పింది. "మీరు కొల్లేటి వైపు వాళ్లాండీ, యేసమ్మగారూ?"

యేసమ్మగారు. ఆ గారు ఎవరికోసమో అన్నట్టు ఆవిడ వెనక్కి చూసింది.

"చిన్నప్పుడే వచ్చేసిందండి," అన్నాడు జ్ఞానయ్య. "దానికేం గుర్తుండదు. అట్టే చదువుకున్నదీ కాదు."

"నాకు చదువుకున్నవాళ్లతో పన్లేదండి, వాళ్లు పుస్తకాల్లో మాటలే చెప్తారు," అని నవ్వింది శేషారత్నం. తను కొల్లేటి లంకల్లో తిరిగి అక్కడివాళ్లు వాడే మాటలు పోగుచేస్తోందట. చేపల పేర్లు, పిట్టల పేర్లు, గడ్డి పేర్లు. నోటుపుస్తకం తెరిచి ఆకు ఒకటి తీసి చూపించింది. ఎండి గోధుమరంగు తిరిగిన పొడుగాటి ఆకు. "దీన్ని తుంగ అని రాసుకున్నాను. మీరు కూడా తుంగే అంటారా?"

యేసమ్మ మొగుడి వంక చూసింది. ఆయన బల్ల వంక చూస్తున్నాడు.

"తుంగ కాదండి అది," అంది మెల్లిగా. "కిక్కిస. తుంగ వంగుద్ది, ఇది విరుగుద్ది. మా నాన్న దీని కాడలు కోసి నాకు కలాలు చేసిచ్చేవాడు."

శేషారత్నం "తుంగ" కొట్టేసింది. "కిక్కిస" అని రాసింది. కుడిపక్క గీత గీసి ఉన్న చోట ఇంకేదో రాసింది. తలకిందులుగానూ, ఎదురుగానూ అక్షరం చదవడం యేసమ్మకి అలవాటైన విద్య. నేల మీంచే చదివింది: యేసమ్మ, ఏలూరు.

"పేరెందుకండీ?" అంది బెదిరిపోయి. పోలీసులు, కచేరీ, సాక్ష్యం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"ఎవరు చెప్పారో రాయకపోతే ఎట్లాగండీ? మాట గాల్లోంచి ఊడిపడదు కదా. చెప్పినవాళ్ల పేరు రాయకుండా నా పేరు మీద పుస్తకం వేసుకుంటే దొంగతనం అవుతుంది." అలా అంటూ తలెత్తి యేసమ్మ వంక చూసింది. ఆ చూపులో జాలి లేదు, పెద్దరికం లేదు. తెలిసినవాళ్లని అడిగే మనిషి చూపు అది. అల్లిక కింద పెన్సిలు ఆ చూపు దగ్గర ఆగి, దాన్ని పట్టుకుంది.

దిమ్మ చెక్కడానికి మూడు రోజులే ఉన్నాయి. పొద్దున్న వంట దింపి ఒక గంట, మధ్యాహ్నం అంట్లు తోమి రెండు గంటలు, తలుపు గడియ పెట్టి. వీధి కిటికీ దగ్గర విక్టోరియా పుస్తకం పట్టుకుని కాపలా. నల్లగా పడాల్సింది చెక్కలో వదిలెయ్యాలి, తెల్లగా ఉండాల్సింది తీసెయ్యాలి. కన్ను చెక్కడమంటే ముప్పాతిక వంతు ముట్టుకోకుండా వదిలెయ్యడమే. ఉలి ఒక్క వెంట్రుక వాసి జారిందంటే ఆ చూపు పోతుంది. యేసమ్మ భయమంతా మనసులోనే ఉండేది. ఉలి పట్టుకుంటే చెయ్యి మాత్రం వణికేది కాదు. అది ఆవిడకే వింతగా ఉండేది.

ఆఖరి రోజు కింద మూల అక్షరం చెక్కుతుంటే విక్టోరియా కిటికీ వదిలి వచ్చి పక్కన కూచుంది.

"అమ్మా, 'జ్ఞా' అని ఎందుకు చెక్కుతావు?"

"నాన్న పేరది."

"అది నాకూ తెలుసు. నువ్వెందుకు చెక్కుతావు?"

"పాలు పొంగుతున్నాయేమో చూడు."

"పొయ్యి మీద పాలు లేవమ్మా."

యేసమ్మ ఊదింది. చెక్కపొట్టు ఎగిరి విక్టోరియా పావడా మీద పడింది. పిల్ల దులుపుకోలేదు. కాసేపు చూసి, లేచి మళ్లీ కిటికీ దగ్గరికి పోయింది. ఆ మధ్యాహ్నం నుంచీ తల్లితో అవసరమైనంతే మాట్లాడింది. దీనికి కూడా ఏ రోగమో వస్తోందని యేసమ్మ రెండుసార్లు నుదురు ముట్టుకుని చూసింది.

సాయంత్రం జ్ఞానయ్య దిమ్మని చేతిలోకి తీసుకున్నాడు. అమ్మాయిగారు అచ్చంగా ఎదురుగా కూచున్నట్టే ఉంది. ఎడం చెంప మీద పుట్టుమచ్చ, ఎడం భుజం మీద పైట. "బాగుంది," అన్నాడు. ఎక్కువసేపు చూడలేదు. తను చెయ్యలేని పనిని ఎక్కువసేపు చూడటం ఆయనకీ కష్టమే. దిమ్మ మీద సరిగ్గా కనిపించడమే తప్పని ఆ నిమిషంలో ఇద్దరికీ తోచలేదు.

గురువారం పొద్దెక్కాక వీధిలో జట్కా ఆగింది. సత్తిరాజుగారు దిగారు, చేతిలో ఇంకా తడారని అచ్చుకాగితం. వెనకాల శేషారత్నం. పుస్తకం ప్రూఫులు చూసుకోవడానికి ప్రెస్సుకి వచ్చిందట, అక్కడి నుంచి ఆయన వెంట వచ్చేసింది. జ్ఞానయ్య కుర్చీలోంచి లేచాడు. యేసమ్మ అప్పుడే ఎసట్లో బియ్యం పోసి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా జ్ఞానయ్యా," అన్నారు సత్తిరాజుగారు. గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంగా ఉంది. "ఇరవై రెండేళ్లయింది నువ్వు ఉలి పట్టి. అమ్మాయిగారికి కుడిపైట వేశావేంటయ్యా?"

కాగితం బల్ల మీద పరిచారు. పైట కుడి భుజం మీదుంది. పుట్టుమచ్చ కుడి చెంప మీదుంది.

"మంగాయమ్మగారింట్లో ఆడవాళ్లెవరైనా పుట్టి బుద్ధెరిగాక కుడిపైట వేశారా? ఇది చూస్తే ఆ మహాతల్లి సభకి మనవరాల్ని పంపుతుందా? మాతృక తిప్పకుండా దిమ్మకెక్కించావు. నిన్నగాక మొన్న పన్లో చేరినవాడు చేసే తప్పయ్యా ఇది. నీ మతి ఎక్కడుంది?"

"ఆయ్," అన్నాడు జ్ఞానయ్య. చేతిని కండువా కిందికి లాక్కున్నాడు.

యేసమ్మ గుమ్మంలోంచే ఆ కాగితం వంక చూసింది. తిప్పాలి. అక్షరాన్ని మూడేళ్లుగా తిప్పుతోంది, మొహాన్ని తిప్పాలని తట్టలేదు. తిప్పే పని ఎప్పుడూ ఆయనది. కాగితం మీద గీసి ఉంటే ఆయన బోర్లించేవాడు. కాగితం గరగరమంటుందని దాచుకుని గీసింది. దాచుకోవడం వల్లే వచ్చిన తప్పు ఇది.

"సాయంత్రానికల్లా బందరు కబురంపి వేరే మనిషిని పిలిపించుకుంటాను. ఇంక నీ చేత..."

"ఒక్కమాటండి, సత్తిరాజుగారూ," అంది శేషారత్నం. అంతసేపూ ఆ కాగితం మీదే వంగి ఉంది. "నాకిందులో తప్పు కనపడట్లేదు. రోజూ అద్దంలో నేను చూసుకునేది ఈవిడ్నే. నా మొహం నాకు తెలిసిందే ఇలాగ."

"మీరు చూసుకోడానిక్కాదమ్మా, సభలో జనం చూడ్డానికి."

"సరే, మార్పించండి. మార్చకపోతే మా నాయనమ్మ ఊరుకోదు, ఆ మాట నిజమే. కాని..." ఆవిడ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, ఆ రోజు తను కూచున్న ఎత్తుపీట దగ్గరికి వెళ్లింది. అక్కణ్నించి కుర్చీ వంక చూసింది. మళ్లీ కాగితం వంక. "జ్ఞానయ్యగారు కుర్చీలో కూచున్నారు. నాకంటే ఎత్తులో. ఈ బొమ్మ గీసినవాళ్లు నన్ను కిందనుంచి చూశారు. గెడ్డం కింద నీడ చూడండి. నేల మీద కూచుంటే తప్ప అది కనపడదు."

ఆవిడ కళ్లు నేల మీదుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ గోడవార ఉన్న లేసుబుట్ట మీద ఆగాయి. నోటుపుస్తకం తెరిచింది. పెన్సిలు తీసింది. కిక్కిస గురించి అడిగినప్పటి గొంతుతోనే అడిగింది.

"ఇది ఎవరు చెక్కారండీ?"

సత్తిరాజుగారు జ్ఞానయ్య వంక చూశారు. జ్ఞానయ్య గుమ్మం వంక చూశాడు. ఆ చూపు యేసమ్మకి తెలుసు. వద్దు అంటున్నాడో, నువ్వే చెప్పు అంటున్నాడో ఎప్పటికీ తేలని చూపు. పద్దెనిమిదేళ్లుగా ఆ చూపుకి అర్థం ఆవిడే వెతుక్కుని, తప్పయితే ఆవిడే మాట పడుతోంది. ఆయన చెప్తాడని ఎదురుచూసింది. ఏం చెప్పినా సరే, తల ఊపుదామనుకుంది. ఆయన చెప్పలేదు. నూతి దగ్గర్నుంచి బిందెతో వచ్చిన విక్టోరియా లోపలికి రాకుండా మెట్టు మీదే ఆగిపోయింది, చంకలో బిందె నీళ్లు తొణికి పావడా తడుస్తున్నా.

వంటింట్లో అన్నం పొంగింది. గంజి పొయ్యిలో పడి చుయ్యిమంది. ఈ ఇంట్లో ఆ చప్పుడికి కదిలే మనిషి ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ కదల్లేదు. ఉద్యోగం పోవడం, బడి, ఎవరింట్లోనో అంట్లు, బందరు నుంచి వచ్చే మనిషి, ప్రెస్సులో నవ్వులు, అన్నీ ఎప్పట్లాగే వరసగా వచ్చాయి. ప్రపంచంలో ఉన్న భయాలన్నీ ఆవిడ ముందుగానే పడి ఉంచింది. ఈ ఒక్కమాట తనని ఎవరైనా అడుగుతారేమోనన్న భయం మాత్రం ఎప్పుడూ పడలేదు. మంట చల్లారి, వంటింట్లోంచి పొగ వాసన వచ్చింది. శేషారత్నం తొందరపెట్టలేదు. పెన్సిలు కాగితానికి ఆనించి, కుడిపక్క గీత దగ్గర, అలాగే ఉంది.

యేసమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. కూతురి వంక చూసింది, మొగుడి వంక చూడలేదు.

"నేనేనండి," అంది. "మొహం తిప్పి గీయాలని తోచలేదు, ఆ తప్పు నాదే. ఇంకో దిమ్మ ఇప్పించండి, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాను. అక్షరం తిప్పి చెక్కడం మాత్రం నాకు బాగా వచ్చండి. ఇన్నాళ్లూ ఆయనది చెక్కాను. ఈసారి నాది చెక్కుతాను."